తప్పు పట్టని పని

“కూరలో ఉప్పు మళ్ళీ తక్కువైంది,” అన్నాడు భర్త, కంచం కాస్త పక్కకి జరుపుతూ.

“మనసు వంటింట్లో ఉంటేగా,” అని అందుకుంది అత్తగారు. “నీడపట్టున నిలబడి రంపం లాగడం, అదో పని మహా.”

కోడలు ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది. వేళ్ళకంటిన జిగురు ఎండి పొలుసుల్లా లేస్తోంది. పొద్దుటి నుంచీ సొరుగులకి చెక్కలు కోస్తూనే ఉంది. రెండు చెక్కల అంచుల్లో చేతివేళ్ళలా పళ్ళు కోసి, ఒకదాని సందుల్లోకి ఇంకొకటి దిగేట్టు కూర్చాలి. వేళ్ళ జాయింటు అంటారు. పెన్సిలుతో గీసుకున్న గీత మీదే రంపం పెడితే పన్ను సన్నబడి వదులైపోతుంది. గీత మిగిలేట్టు, తీసేసే ముక్క వైపు కోయాలి. అరచేత్తో నొక్కితే సగం దిగాలి, మిగతా సగం కొయ్యసుత్తితో తడితే దిగాలి.

పెళ్ళయిన కొత్తలో ఆమె పనల్లా, వడ్రంగం చేసే భర్త కోస్తుంటే చెక్క అవతలి కొస కదలకుండా పట్టుకోవడమే. పట్టుకుంటూ, చూస్తూ నేర్చుకుంది. ఎనిమిదేళ్ళ కిందట అతని చూపు మసకబారి, గీతలు కంటికి ఆనడం మానేశాయి. “ఈ ఒక్కటీ కోసిపెట్టు,” అన్నాడు. ఆ ఒక్కటి ఇవాళ్టికీ అయిపోలేదు. ఎవరైనా వస్తే చాలు, రంపం అతని చేతిలోకి, ఆమె వంటింట్లోకి. “మీ చేతిలో ఏదో ఉందండీ,” అని వచ్చినవాళ్ళు అతన్ని పొగుడుతుంటే టీ వడకడుతూ వినేది.

మెచ్చుకోలు ఆమె ఎప్పుడూ ఆశించలేదు. కూరకీ, చీర కట్టుకీ, తలుపు వేసిన చప్పుడుకీ వంక పెట్టే మనిషి ఆమె కోసిన చెక్కకి ఒక్కనాడూ వంక పెట్టలేదు. మొదట్లో అది మర్యాదనుకుంది. ఏళ్ళు గడిచాక అర్థమైంది. తప్పు పట్టాలంటే ముందు అది ఆమె చేసిందని ఒప్పుకోవాలి. ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ, రోజంతా. ఆ బల్ల దగ్గరున్నంత ఒంటరితనం ఆమెకి ఖాళీ ఇంట్లో కూడా తెలియలేదు. “ఇది వదులైంది” అని ఒక్కసారి అన్నా తనతో మాట్లాడినట్టుండేది.

ఆ వారమే చెక్కపని నేర్పే బడి నుంచి మేష్టారు వచ్చారు. సొరుగొకటి అటూ ఇటూ తిప్పి చూశారు. “సందులో కాగితం కూడా దూరదే. ఇది పట్టుకెళ్తాను. మీరొచ్చి మా వాళ్ళ ముందు ఒక జాయింటు కోసి చూపించాలి.”

ఆయన వెళ్ళాక భర్త అన్నాడు, “నువ్వూ రా. మాటలు నేను చెప్తాను, నువ్వు కొయ్యి. కళ్ళు మంటగా ఉన్నాయని, సాయానికి తెచ్చుకున్నానని అంటాను.”

వెళ్ళింది. బల్ల చుట్టూ ఇరవైమంది మూగారు. అతను గీత గురించీ రంపం గురించీ ధారాళంగా చెప్పాడు. ఆమె కోసింది. చెక్క ఆమె చేతికి కొత్తది, బాగా ఎండినది. సుత్తితో తడుతుంటే ఒక పన్ను టప్పున చీలింది.

భర్త చప్పున నవ్వాడు. “అది నా కోత కాదండోయ్. మా ఆవిడ కోసింది.”

ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మాట. వచ్చేసరికి ఇలా వచ్చింది. ఆమె చీలిన పన్నుని బొటనవేలితో తడిమింది.

“అవునండీ, నేనే కోశాను,” అంది మేష్టారుతో. “మీరు పట్టుకెళ్ళిన సొరుగూ నేనే కోశాను. ఈ ఎనిమిదేళ్ళలో మా ఇంట్లోంచి బయటికొచ్చినవన్నీ నా కోతే. ఇది బిగువెక్కువై పగిలింది. తప్పు నాదే.”

“పద, ఇంటికి పోదాం,” అన్నాడు భర్త గొంతు తగ్గించి. ఆమె కదల్లేదు. అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగి, ఆమె కోసం కాసేపు ఆగి, తర్వాత ఒక్కటే దూరమైంది.

“ఇంకో చెక్క ఇస్తారా?” అని అడిగింది.