రాళ్ల కాడ ఆగిన గీత

అడివిల మేం దున్నుకునే పోడు కొలవనీకి ఉదయ్ భాస్కర్ వచ్చిండు. ఇల్లందు పిలగాడే, కాంట్రాక్టు సర్వేయరు. మెడకు వేలాడేసుకున్న పాత లాప్‌టాప్, దాని పక్క సందుల దూర్చిన ఒక కార్డు. మేం యాడున్నమో ఆ కార్డు పసిగట్టి, కీక్ మని లాప్‌టాప్‌ను పిలిచి చెప్తది. గట్టెంబడి నడిస్తే తెర మీద ఎంత గీత పడితే అంత భూమికి పట్టా.

మా భూమి రెండు చెక్కలు; కింది చెక్క కొలుసుడు అయిపోయింది. పై చెక్కకు పోయే దారిల మా పెద్దోళ్ల రాళ్లున్నయి, సచ్చిపోయినోళ్ల పేరు మీద నిలబెట్టినయి. ఆడ చెప్పులిడుస్తం, సప్పుడు చెయ్యం.

"కొడుకా, ఆ కూత ఆపు. మా అన్న పండుకున్నడు ఆడ," అన్నది నా భార్య పుల్లమ్మ.

"లేస్తడా అవ్వా?"

"లేస్తే ముందుగాల నిన్నే అడుగుతడు, ఎవనివిరా అని."

నవ్వి చెప్పులిడిచిండు. కార్డు గుంజి జేబుల ఏసుకున్నడు. రాళ్లు దాటినంక మళ్ల దూర్చిండు. దాని మీద పచ్చ లైటు వెలిగింది. కూత రాలేదు. మా మీద గౌరవంతోనే ఆపిండనుకున్నం. లైటున్నది గద అని ఆయన చూడలేదు. ఎండకు తెర గూడ కనపడలేదు.

పై చెక్కంతా తిరిగి ఇంటికొచ్చినం. నీడల ఆయన తెర చూసిండు. గీత రాళ్ల కాడనే ఆగింది.

"ఏందిది?" అన్న.

"లాప్‌టాప్‌కు చెప్పకుండ కార్డు గుంజిన తాత. కార్డు పోతపోత ఒక పిలుపు పెట్టింది. ఎవరు పిలిచిన్రని లోపలి సిస్టమ్ ఆ పిలుపొచ్చిన తీగ మీదున్న సామాన్లన్నిట్ని అడుగుతది. నేనే పిలిచిన అననీకి కార్డు నా జేబుల ఉండె. పిలుపేమో ఆగలేదు. అడిగి అడిగి యాష్టకొచ్చి ఆ తీగనే మూసేసింది. ఇగ కార్డు తిరిగొచ్చి ఎంత మొత్తుకున్నా వినదు."

"లైటు వెలిగింది గద."

"లైటుకు కరెంటు చాలు. వినేటోడు వేరే."

"మళ్ల ఎట్ల వింటది?"

"బందు చేసి ఆన్ చేస్తే వింటది, గంతే. బ్యాటరీ అయిపోయింది. రేపొస్త."

రాలేదు. వేరే మండలానికి పంపిన్రట. ఫోన్ చేస్తే, "మ్యాప్ పై ఆఫీసుకు పోయింది తాత, నా చేతుల లేదు," అన్నడు.

పట్టా కింది చెక్కకే వచ్చింది. ఆఫీసుకు పోయిన. బల్ల ఎనకున్న సారు మ్యాప్ నా దిక్కు తిప్పి, "నువ్వు ఈడిదాకనే నడిచినవు," అన్నడు. అంతా నడిచిన సారూ అన్న.

కూత ఆపమన్నందుకు పుల్లమ్మను నేను ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అన్నా బాగుండు అన్నది ఆమె.

వానలకు ముందు, పట్టా లేని పై చెక్క అడివిదని దాని చుట్టు కందకం తవ్వనీకి ఫారెస్టోళ్లు వచ్చిన్రు. కూలోళ్లు కావాల్నన్నరు. మా ఊళ్ల వేరే పని లేదు. గడ్డపార పట్టుకొని నేను గూడ పోయిన. నేను దున్నిన మట్టే, జల్దిగనే తెగింది.