గాడిలో కూర్చున్న రంగు

కాలేజీలో లైటు కింద పెడితే తన వేలు నీలంగా మెరిసిందని మా అమ్మాయి అలివేలు నవ్వుతూ చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం, అన్నం తింటూ. నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

అది మార్కాపురంలో ఎమ్మెస్సీ చదువుతోంది. గొడ్డు ఎర్రగా మూత్రం పోస్తే డాక్టరు ఒక పసుపు మందు పొడుస్తాడు. ఆ మందు గొడ్డు నెత్తురులో ఉండే పురుగును ఎలా చంపుతుందో చూడటం దాని ప్రాజెక్టు.

"డీఎన్ఏ అంటే మెలేసిన రెండు పేటల తాడు మాదిరి ఉంటాదమ్మా. మెలిక పొడుగునా రెండు గాడులు. ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. మందు అణువు కొడవలి మాదిరి వంగి ఉంటాది. ఇరుకు గాడిలోకి పోయి కూర్చుంటాది. ఇంక పురుగు ఆ తాడు విప్పి ఇంకో తాడు పేనుకోలేదు. చస్తాది."

"మరి ఆ నీలంగా మెరిసే రంగు?"

"అదీ ఆ గాడిలోకే పోతాది. కూర్చుంటేనే మెరిసేది. తర్వాత మందు పోస్తాం. మందు రంగును నెట్టేసి తను కూర్చుంటే మెరుపు తగ్గుతాది. అట్ల కొలుస్తాం."

నా చదువు ఏడుతో ఆగింది. అయినా గాడి సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. పన్నెండేళ్ళు పలకల ఫ్యాక్టరీలో చట్రాలకు పలకలు ఎక్కించాను. మూడు వైపులా చెక్కలు బిగించి ఉంటాయి. వాటి గాడిలోకి పలకను జారవిడిచి నాలుగో చెక్క కొట్టాలి. పలక మందమైతే దూరదు, పలచనైతే లొడలొడలాడుతుంది. సరిగ్గా సరిపోయిందా, గుంజినా రాదు.

"నీ వేలెందుకు మెరిసింది?"

"కొంచెం ఒలికింది. కడుక్కున్నాలే."

"చేతికి తొడుక్కునేటివి లేవా?"

అది కంచంలోకి చూసింది. దాని గోరు పక్కన చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది. అది చూశాక నా బుర్ర నా మాట వినలేదు. రేపు పుండు, ఎల్లుండి ఇంకేదో జబ్బు, ఆ తర్వాత దానికి పుట్టబోయే బిడ్డల దాకా పోయాను. మా ఆయన మాలకొండయ్య "నీ నోట ఎప్పుడూ ఆసుపత్రి మాటలే" అని విసుక్కుని మేకల వెంట పోయాడు. సోమవారం పొద్దున అలివేలు బస్సెక్కిన గంటకు నేను మా ఊరు తర్లుపాడులో కాలేజీకి ఆటో ఎక్కాను.

ల్యాబులో ఎనిమిది మంది ఆడపిల్లలు. అందరివీ ఒట్టి చేతులే. నా బిడ్డవీ అంతే.

"అమ్మా! నువ్వేంది ఇక్కడ?" అలివేలు ముఖం మాడిపోయింది.

వాళ్ళ సార్ ప్రభాకరరావు విషయం విని నవ్వాడు. "ఒక్క చుక్క రంగుకి ఇంత దూరం వచ్చావా అమ్మా? పైన ఉండేది చచ్చిన చర్మమే. ఏం కాదు."

"గోరు పక్కన పచ్చి మాంసం కూడా చచ్చిందేనా సార్?"

ఆయన నా బిడ్డ వేలి వంక చూశాడు.

"ఆ రంగు పురుగు గాడిలోనే కూర్చుంటాదా, నా బిడ్డ గాడిలో కూడా కూర్చుంటాదా? అది చెప్పండి."

"గాడి సరిపోతే ఎక్కడైనా కూర్చుంటుంది. కానీ అంత తక్కువలో..."

"గొడ్డుకు పొడిచే ముందు మా డాక్టరు దాని బరువెంతో చూసి మందు కొలుస్తాడు. నా బిడ్డ వేలిలోకి ఎంత పోయిందో ఎవరు కొలిచినారు?"

"గ్లౌజులకు రాసి పెట్టామమ్మా. రావాలి."

ఊడుస్తున్న అటెండరు రమణమ్మ నడుం ఎత్తింది. "వచ్చి నాలుగు నెలలాయ గదా సార్. ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి చూపియ్యాలని మీరే బీరువాలో పెట్టించినారు."

"నిన్ను అడిగానా రమణమ్మా?"

"మీరు అడగలేదు సార్. ఆ అక్క అడిగింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "చుట్టం వస్తాడని మేమూ కొత్త చాప దాస్తాం సార్. దాన్ని దాచి బిడ్డల్ని ముళ్ళ మీద పండబెట్టం. ఎవరో వచ్చి డబ్బాలు లెక్కబెట్టుకుని పోయేదానికి వీళ్ళు చేతులు కాల్చుకోవాల్నా?"

అలివేలు వచ్చి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "చాల్లే అమ్మా. మార్కులు ఆయన చేతిలో ఉండాయి. నా బతుకు చెడగొట్టొద్దు, నువ్వు పో."

అది ఫెయిలైనట్టు, చదువు మానేసి మేకలు కాస్తున్నట్టు అప్పుడే కనపడింది. అయినా కదల్లేదు. "మార్కులు పోతే మళ్ళీ రాసుకుంటావు. వేలు మళ్ళీ రాసుకుంటావా?"

"ఇన్‌స్పెక్షన్ అయ్యాకే బీరువా తీసేది," అన్నాడు సార్. "అలివేలూ, మీ అమ్మను బయటికి తీసుకెళ్ళు. నువ్వు చెయ్యకపోతే నీ పని ఇంకొకరికి ఇస్తాను."

అలివేలు నన్ను గుమ్మం దాకా లాక్కొచ్చింది. అక్కడ నా చెయ్యి వదిలేసి వెనక్కి పోయింది. తన గాజు గొట్టాన్ని స్టాండులో పెట్టింది.

"ఆ ఇంకొకరివీ చేతులే గదా సార్. బీరువా తీసిందాక నేను ముట్టుకోను."

మరో ఇద్దరు పిల్లలు గొట్టాలు కింద పెట్టారు. మిగతావాళ్ళు సార్ ముఖం చూస్తూ నిలబడ్డారు. రమణమ్మ అప్పటికే కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది.

"తీద్దునా సార్?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు. "తియ్," అన్నాడు.

సాయంత్రం దాకా నేను వరండాలోనే కూర్చున్నాను. ఆయన మార్కులు కోస్తాడా, కోస్తే ఎన్ని కోస్తాడు, ఎవరి కాళ్ళు పట్టుకోవాలి, ఇదే ఆలోచన. ఆటోలో అలివేలు నా వైపు చూడలేదు. ఊరు దగ్గర పడ్డాక నోరు తెరిచింది.

"రేపు నువ్వు రావద్దు."

"రాను. నువ్వు రోజూ ఇంటికొచ్చి ఆ చేతులు చూపిస్తే రాను."

కోపంగానే పది వేళ్ళూ నా ముఖం ముందు చాపింది.