అవతలి గోల్‌లో ఓవీలా

మా ఊరి ఐస్ హాకీ మైదానానికి కొత్త తలుపులు పెట్టారు. పెద్ద తలుపు మీద గోల్ కాసే మన గోలీల్లో గొప్పవాడి పేరు రాయాలని సంఘం తీర్మానించింది. ఊరంతా రొజేర్ గమాష్ అంది. ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు తేల్చే ఆఖరి పోటీల్లో, మూడుసార్లు కప్పు తెచ్చిన మాట నిజమే. పైగా చచ్చినవాడి కళ్లు చారెడు.

మా కాఫీ బల్ల దగ్గర రెజాన్ ఒక్కడే అడ్డం తిరిగాడు.

"ఓవీలా బాబాయ్ పేరెందుకు రాయకూడదు?"

ఎనభయ్యేళ్ల ఓవీలా పక్కనే కూర్చుని డోనట్ తింటున్నాడు. బతికుండగా ఆ తలుపు మీద తన పేరు చూసుకోవాలని అతనికి ఎంత ఆశో అందరికీ తెలుసు. నమలడం ఆపేశాడు.

"వీడు రొజేర్‌కి అదనపు గోలీ. ప్లేఆఫ్స్‌లో ఒక్క ఆటైనా ఆడాడా?" అన్నాను.

"ఆడాడుగా, ఫైనల్!"

"ఎవరి తరఫునరా సన్నాసీ?"

అప్పట్లో బయటి జట్టు ఒకే గోలీతో వచ్చేది. వాడికి దెబ్బ తగిలితే మన అదనపు గోలీని ఇవ్వడం మర్యాద. ఆ ఫైనల్లో వాళ్లవాడి దవడ విరిగింది. ఓవీలాను పంపాం. మొహమాటానికైనా రెండు గోల్స్ వదులుతాడనుకున్నాం. ఒక్కటీ వదల్లేదు. రొజేర్ ఒకటి వదిలాడు, కప్పు పోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని ఊరు ఏడాదిపాటు ఓవీలాతో మాట్లాడలేదు.

సంఘం సమావేశానికి రొజేర్ భార్య ఉగెట్ వచ్చింది. భర్త పేరు కోసమే అనుకున్నాం.

"పోయేదాకా మా ఆయనది ఒకటే మాట. ఆ రాత్రి తనకంటే గొప్పగా కాసినవాడు అవతలి గోల్‌లో ఉన్నాడని. నన్నడిగితే ఓవీలా పేరే రాయండి," అంది.

పెద్దలు తలలు గోక్కుని, పాము చావకుండా కర్ర విరగకుండా తేల్చారు. పెద్ద తలుపు రొజేర్‌కి. బయటి జట్లు బట్టలు మార్చుకునే గది తలుపు ఓవీలాకి. అందరం పగలబడి నవ్వాం. అంతకంటే తగిన వెటకారం నాకూ తోచలేదు.

తలుపులు తెరిచిన రోజు ఓవీలా తన పేరు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏం బాబాయ్, కోపమా?" అన్నాడు రెజాన్.

"కోపమెందుకురా, సరైన తలుపు మీదే రాశారు. ఆ రాత్రి ఆటయ్యాక మనవాళ్లు మన గదికి లోపల గడియ పెట్టుకున్నారు. నా కోటు, బూట్లు అందులోనే. ఎంత కొట్టినా తియ్యలేదు. ఈ గదిలోవాళ్లే పిలిచి, వేడి సూప్ పోసి, కోటిచ్చి పంపారు. బాగా కాశావన్నదీ వీళ్లే."

ఎవరూ నవ్వలేదు. నాకు సిగ్గేసింది. ఉగెట్ ముందుకొచ్చింది.

"మా ఆయన కూడా లోపలే ఉన్నాడా, ఓవీలా?"

ఆ రాత్రి నేనూ లోపలే ఉన్నాను; గడియ పెట్టిందే రొజేర్. పోరా ద్రోహీ అని లోపలి నుంచి అరిచిందీ అతనే. ఆ గొంతు ఓవీలా పోల్చుకోకుండా ఎలా ఉంటాడు?

"లేడు చెల్లెమ్మా," అన్నాడు ఓవీలా. "అప్పటికే ఇంటికెళ్లిపోయాడు."