మా ఇంటి ముక్తాయింపులు

మా ఇంట్లో ఎవరూ తమ వాక్యం తాము పూర్తి చెయ్యరు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ముగిస్తారు. ఇదొక జబ్బని తొమ్మిదో తరగతి దాకా నాకు తెలియదు. లోకమంతా ఇంతేననుకున్నాను.

తప్పంతా మా పనిది. ఇంటి ముందుగదే మా టైలరింగ్ షాపు. నాన్న కత్తిరిస్తాడు, అమ్మ కుడుతుంది. పని చేస్తున్నంతసేపూ అమ్మ పెదవుల మధ్య నాలుగైదు గుండుసూదులుంటాయి. "ఆ నీలం గుడ్డ..." అని అమ్మ పళ్ల సందుల్లోంచి అంటే, "బల్ల కింద ఉంది" అని నాన్న అందుకుంటాడు. చొక్కా తెచ్చిన మనిషి "ఈ చేతులు కాస్త..." అనగానే "పొడుగయ్యాయి, అంగుళం తగ్గిస్తాం, గురువారం రండి" అని ఇద్దరూ ఒకేసారి అంటారు. ఆయన వచ్చింది చేతులు వదులు చేయించుకోవడానికి. అయినా మారుమాట్లాడకుండా వెళ్లిపోతాడు. ఇక మా నానమ్మ మరీ ఘనురాలు. వీధిలో పోయేవాళ్ల మాటలు కూడా కిటికీలోంచి పూర్తి చేస్తుంది.

అలాంటి కొంపలో పుట్టి నేనేం నేర్చుకుంటాను? రెండు మాటలు అనడం, ఆగడం, మిగతాది ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ఎదురుచూడడం. "నాన్నా, నాకు రేపు..." అంటే చాలు, "పరీక్ష, పోయి పడుకో" అనేవాడు నాన్న. నేను అడగబోయింది కొత్త పెన్సిలు.

బడిలో మాత్రం నా మాట అందుకునే నాథుడు లేడు. వర్షం ఎలా పడుతుందని సైన్సు టీచర్ అడుగుతారు. నేను లేచి "నీరు ఆవిరై..." అంటాను, ఆగుతాను, అలవాటుకొద్దీ చుట్టూ చూస్తాను. క్లాసంతా నన్ను చూస్తుంది. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడతాను. కాసేపటికి "కూర్చో" అంటారు టీచర్. నోటి పరీక్షలన్నిటిలోనూ నాకు సున్నా. పిల్లలు నాకు 'సగం' అని పేరు పెట్టారు. ఏడుపొచ్చేది కానీ, ఆ పేరు అన్యాయమని మాత్రం అనిపించేది కాదు. నా బుర్ర సగమే తయారైందేమో అనుకునేదాన్ని.

రాతపరీక్షల్లో ఎనభైలు, తొంభైలు వచ్చేవి. కాగితం మన మాట మధ్యలో అందుకోదు కదా. ఆ తొంభైలే నా కొంప ముంచాయి. నోరు తెరిస్తే సున్నా వచ్చే పిల్లకి కలం పడితే తొంభై ఎలా వస్తుంది? చూసి రాస్తోందని టీచర్ తేల్చేశారు. అమ్మానాన్నలతో హెడ్మిస్ట్రెస్‌గారి గదికి రమ్మన్నారు. ఆవిడ అడిగినవాటికి అక్కడే నోటితో జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే మార్కులన్నీ రద్దు, మళ్లీ తొమ్మిదో తరగతే.

షాపు మూసి ముగ్గురూ నాతో బయలుదేరారు. నానమ్మని ఎవరూ పిలవలేదు. "అమ్మా, నువ్వు కూడా..." అని నాన్న అంటుండగానే "వస్తున్నా" అని చెప్పులేసుకుంది. నాన్న అనబోయింది ఎందుకులే అని.

హెడ్మిస్ట్రెస్‌గారు కళ్లజోడు సర్దుకున్నారు. "మెరుపు ముందు కనబడి, ఉరుము తర్వాత వినబడుతుంది. ఎందుకు?"

నాకు తెలుసు. నిజంగా తెలుసు. "కాంతి వేగం..." అని ఆగాను.

"ఎక్కువైతే ప్రమాదమండీ" అన్నాడు నాన్న.

ఆవిడ నాన్నకేసి ఒక చూపు చూసి, "సరే, గుండె గురించి చెప్పు" అన్నారు.

"మనిషి గుండె చుట్టూ..."

"ముప్పై ఆరు, వదులుకి ఇంకో రెండు" అంది అమ్మ.

"పోనీ, మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయి?"

"మొక్కలు ఎండలో..."

"నిలబడితే వడదెబ్బే" అంది నానమ్మ.

సైన్సు టీచర్ ఇక ఉండబట్టలేక, "చూశారా మేడమ్, ఈ అమ్మాయి..." అని మొదలుపెట్టారు.

"బంగారం" అని నానమ్మ ఆవిడ మాట కూడా పూర్తి చేసేసింది.

హెడ్మిస్ట్రెస్‌గారు బల్ల చరిచారు. "మీ ముగ్గురిలో ఎవరు నోరు తెరిచినా బయటికి పంపిస్తాను. ఎంతసేపైనా సరే, పిల్ల చెప్పేదాకా ఎవరూ మాట్లాడకూడదు. టీచర్, మీరు కూడా. ఊఁ, చెప్పమ్మా. మెరుపు, ఉరుము."

"కాంతి వేగం..." అన్నాను. ఆగాను.

ఎవరూ అందుకోలేదు. నాన్న దవడలు బిగించాడు. అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. నానమ్మ చేతిరుమాలు మొత్తం నోట్లో కుక్కుకుంది, పాపం ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత చూసినా ఎవరూ రారని, మిగతాది కూడా నేనే చెప్పుకోవాలని అప్పటికి తట్టింది.

"...ధ్వని వేగం కంటే చాలా ఎక్కువ. అందుకే మెరుపు ముందు కనబడుతుంది" అన్నాను.

వాక్యం అయిపోయింది. నేను నోటితో పూర్తి చేసిన మొదటి వాక్యం. అది ఎంత బాగుందంటే, వెంటనే ఇంకోటి అన్నాను. గుండెకి గదులెన్నో చెప్పాను, మొక్కల వంట చెప్పాను, ఎవరూ అడగకపోయినా అయస్కాంతాల గురించి కూడా చెప్పాను. గంట కొట్టినా ఆపలేదు. "చాలు తల్లీ, నీ మార్కులు నీవే" అని హెడ్మిస్ట్రెస్‌గారే బతిమాలారు. సైన్సు టీచర్ నాకేసి చూడకుండా పుస్తకాలు సర్దుకున్నారు.

ఇంటికి నడిచి వెళ్తున్నాం. వీధి మలుపులో అమ్మ ఆగి నా మొహంలోకి చూసింది.

"నీకివన్నీ వచ్చని నాకు..." అంది.

నాన్న నోరు తెరిచి, మూసేశాడు. నానమ్మ నోట్లోంచి రుమాలు ఇంకా తియ్యలేదు. అమ్మ అటూ ఇటూ చూసింది. మిగతాది తనే చెప్పాల్సి వచ్చింది.

"...తెలీదే. నువ్వు మొద్దువనే అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నానమ్మా" అన్నాను.