సాక్ష్యంలో చెప్పని మాట

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కాజాలక్క అనేవారు. ముందు పట్టీకి ఏడు, చేతులకు రెండు, వెరసి చొక్కాకు తొమ్మిది గుండీ కాజాలు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని అదొక్కటే. చేతికి ఎంత వాటమో నోటికీ అంతే. వరసలో ఎవరి ముఖమైనా వాడిపోయి కనిపిస్తే, మొహానికి ఇస్త్రీ చేయించుకు రాలేదేమని అడిగి నవ్వించి గానీ వదిలేది కాదు.

ఎదురు మెషిన్ మీద కాలర్లు కుట్టే ఆమెకు కాజాలక్క అంటే ప్రాణం. వయసులో ఎనిమిదేళ్ళు చిన్నది. పొద్దున రాగానే అక్కా అని పలకరించందే మెషిన్‌లో దారం ఎక్కించేది కాదు. అందుకే అందరికీ ఆమె కాలర్ల చెల్లెలు.

మూడేళ్ళ క్రితం కాజాలక్కకు రొమ్ములో గడ్డ తేలింది. పెద్దాసుపత్రిలో మూడు వారాలకొకటి చొప్పున ఆరు ఇంజెక్షన్లు ఇచ్చారు. జుట్టంతా ఊడింది. ఆ నాలుగు నెలలూ శుక్రవారం శుక్రవారం పాస్టరుగారు ఇంటికొచ్చి, నుదుట నూనె రాసి ప్రార్థన చేసేవారు. ఆమె సూదినీ నమ్మింది, నూనెనూ నమ్మింది. ఆఖరి స్కాన్‌లో గడ్డ కనిపించలేదు. అయినా ఆపరేషన్ చేసి ఆ చోటంతా తీసేయాలన్నాడు డాక్టరు. లేని గడ్డకు కత్తెందుకని ఆమె మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఆదివారం మందిరంలో నిలబడి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగారు. ఆసుపత్రి సంగతి క్లుప్తంగా కానివ్వమ్మా, మహిమ దేవుడిది కదా అన్నారు. ఆ మాటలో ఆయనకు కల్లాకపటం లేదు. ఆమె మైకు పట్టుకుంది. ఇంజెక్షన్ల మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అంతమంది కళ్ళొత్తుకుంటూ చూస్తున్నారు. నూనె రాశారు, ప్రార్థన చేశారు, గడ్డ పోయింది అంది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. మందిరమంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. ఆ తర్వాత చాలా మందిరాలవాళ్ళు పిలిచారు. చెప్పినకొద్దీ సాక్ష్యం నున్నబడింది, ఆసుపత్రి అందులోంచి పూర్తిగా జారిపోయింది.

మొదటిరోజు రెండో వరసలో కూర్చుని విన్నవాళ్ళలో కాలర్ల చెల్లెలు ఉంది.

ఈ ఏడాది మొదట్లో ఆ చెల్లెలు పని మానేసింది. ఇంట్లో ఇబ్బందట అన్నారు. కాజాలక్క రెండుసార్లు కబురు పెట్టింది, బదులు రాలేదు. అలిగిందేమో, తనే వస్తుందిలే అని ఊరుకుంది. ఈలోగా తనకే నడుంనొప్పి పట్టుకుంది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఇంట్లో ఆయన పోరగా పోరగా ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు పాత కాగితాలు తిరగేసి, ఆపరేషన్‌కి ఎందుకు రాలేదమ్మా అన్నాడు. జబ్బు వెన్నులోకి దిగిందట. ఇక నయం చేయలేమని, కొన్నాళ్ళు ఆపగలమని మెల్లగా చెప్పాడు.

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడింది. అదే బెంచీ చివర చేతిలో ఫైలుతో కాలర్ల చెల్లెలి భర్త కూర్చుని ఉన్నాడు. తలుపులకు రంగులు వేసే మనిషి, గోళ్ళలో తెల్లరంగు ఎప్పుడూ పోదు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. భార్యకు మెడ దగ్గర గడ్డ వచ్చిందని, ఒక్క ఇంజెక్షన్‌తో మానేసి ప్రార్థనలు పట్టుకుందని చెప్పాడు. అక్కను బాగుచేసినవాడు నన్ను చేయడా అనేదట. పూర్తిగా బాగయ్యాక తనే మైకు ముందు నిలబడి అక్కను ఆశ్చర్యపరచాలని, ఆమెకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. ఇప్పుడు చేసేదేం లేదంటున్నారట.

"దేవుడే పంపాడు మిమ్మల్ని. ఒక్కసారొచ్చి ప్రార్థన చెయ్యండి వదినా" అన్నాడు.

కాజాలక్క లేచింది. గోడ పట్టుకుని అతని వెనక వార్డులోకి నడిచింది.

మంచానికి అంటుకుపోయి ఉంది చెల్లెలు. అక్కను చూసి నవ్వబోయింది. భర్తను మందుల చీటీ ఇచ్చి కిందికి పంపాక, కాజాలక్క నీళ్ళు నమలకుండా చెప్పేయాలనుకుంది.

"నాకు ఆరు ఇంజెక్షన్లు ఇచ్చారే. ఆ మాట నేనక్కడ చెప్పలేదు."

"జుట్టు ఊడింది కదక్కా, నాకు తెలియదా" అంది చెల్లెలు. "మందులు పనిచేయలేదేమో, అందుకే దేవుడి దగ్గరికెళ్ళావు అనుకున్నా. నువ్వలా అనలేదులే. నేనే అనుకున్నా."

"అనుకునేట్టు చెప్పింది నేనే. ఆపరేషన్ కూడా ఎగ్గొట్టాను. ఇప్పుడది మళ్ళీ వచ్చింది. వెన్నులో ఉంది."

చెల్లెలు కళ్ళు మూసుకుంది. పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

"ఆయనకి చెప్పకు. మా పిల్లకి అసలు చెప్పకు. వాళ్ళింకా దేవుణ్ణి అడుగుతూనే ఉన్నారు, అడగనీ."

"నన్ను క్షమించవే."

"ఇప్పుడడక్కు అక్కా. నాకు ఓపిక లేదు."

అని, కాసేపటికి తలమీద చెయ్యి పెట్టమంది. ఏమని ప్రార్థించను అంటే, ఏదో ఒకటి అంది. అన్ని మందిరాల్లో గడగడా మాట్లాడిన మనిషికి ఆ కాలుతున్న నుదుటి మీద చెయ్యి పెట్టాక ఒక్కమాటా పెగల్లేదు. భర్త తిరిగొచ్చి, ప్రార్థన జరుగుతోందనుకుని గుమ్మంలోనే తలవంచి నిలబడ్డాడు.

నాలుగోరోజు ఉదయం చెల్లెలు పోయింది.

సమాధి కార్యక్రమం అయిన వారం తర్వాత కాజాలక్క మందిరంలో మైకు అడిగింది. పాస్టరుగారు సంతోషంగా ఇచ్చారు. ఆమె ఆరు ఇంజెక్షన్ల సంగతి, ఎగ్గొట్టిన ఆపరేషన్, వెన్నులో జబ్బు, చెల్లెలు మానేసిన వైద్యం, ఏదీ దాచకుండా చెప్పింది. ఎవరూ స్తోత్రం అనలేదు. విశ్వాసం సడలింది కాబట్టే జబ్బు తిరగబెట్టిందని ముందు వరసలో ఒకామె పక్కామెతో అనడం అందరికీ వినబడింది. పాస్టరుగారు మైకు లాక్కోలేదు. కుర్చీలో అలాగే ఒరిగిపోయారు. అంతా అయ్యాక ఆమె దగ్గరికొచ్చి, క్లుప్తంగా చెప్పమన్నది నేనేనమ్మా, మనిద్దరినీ ప్రభువే క్షమించాలి అన్నారు.

"ప్రభువు క్షమిస్తాడయ్యా, మీరు చెప్తూనే ఉంటారు. చెల్లెలు క్షమించకుండానే పోయింది. నేనిప్పుడు ఎవర్ని అడగాలి?"

ఆయన చేతిలోని బైబిలు బల్ల మీద పెట్టేశారు.

చివరి వరసలో కూర్చున్న రంగులతను కూతురితో సహా ఎప్పుడో లేచి వెళ్ళాడు. గేటు దగ్గర ఆమె కోసం ఆగి ఉన్నాడు.

"ఇదంతా తనకి తెలుసా?"

"చెప్పాను. మీకు చెప్పొద్దంది."

చెల్లెలు పోయేముందు ఆ నాలుగు రోజులూ అతను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాస ప్రార్థనలో ఉన్నాడని ఆమెకు తర్వాత తెలిసింది. అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. కూతురు చేయి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మందిరం మెట్లు వాళ్ళు మళ్ళీ ఎక్కలేదు.

కాజాలక్క పనికి పోవడం మానేసింది. నెలకోసారి ఇంట్లో ఆయన బస్సెక్కించి ఇంజెక్షన్‌కి తీసుకెళ్తాడు. ప్రార్థన మానలేదు. ఒంటికి స్వస్థత అడగడం మాత్రం మానేసింది. పొద్దున్నే మంచం అంచున కూర్చుని, చెల్లెలిని తలుచుకుని, క్షమించమని అడుగుతుంది. అది దేవుణ్ణి అడుగుతోందో చెల్లెల్ని అడుగుతోందో ఆమెకే తెలియదు. తర్వాత గోడ పట్టుకుని లేచి, పొయ్యి వెలిగించడానికి వెళ్తుంది.