పెద్దాయన లేని వాయిదా

నల్లకోట్లన్నీ ఒక్కచోట చేరేసరికి కోర్టు హాలు గొడుగులు ఆరబెట్టిన వసారాలా ఉంది. ఈ ముక్క ఇంటికెళ్లాక ఆయనకి చెప్పాలనుకుంది ప్లీడరుగారి భార్య. అంతలోనే, ఇవాళ్టి సంతాప సభ ఆయనకేనన్న సంగతి గుర్తొచ్చి, ఒళ్లోని చేతిసంచిని గట్టిగా పట్టుకుంది.

సభ మొదలవక ముందే ఆయన జూనియరమ్మాయి వచ్చి చెవి దగ్గర వంగింది. అడుగుల చప్పుడు లేకుండా వస్తుందని ఆయన ఆ పిల్లకి 'పిల్లి' అని పేరు పెట్టాడు.

"అమ్మా, టైలరమ్మ స్టే ఇవాళ్టితో అయిపోతుంది. పొడిగించకపోతే రేపు పొద్దున్నే కొట్టు కూల్చేస్తారు. ఇంటి ఓనరు బుల్డోజరు తెచ్చి వీధి మొదట్లో పెట్టించాడట."

"మరి అడగవేం?"

"సంతాపం అవగానే జడ్జిగారు లేచి వెళ్లిపోతారు. కేసులన్నీ వాయిదా. ఎవరు పోయినా ఇక్కడ అంతే. బార్ అసోసియేషన్ ప్రెసిడెంటుగారిని బతిమాలాను. గురువు పోయిన దుఃఖంలో కేసు పట్టుకొస్తావా, సిగ్గులేదూ అన్నారు."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు."

అనదు. ఈ పిల్లకి చట్టమంతా నోటికొచ్చు, సమయానికి నోరే రాదు.

గుమ్మం దగ్గర టైలరమ్మ నిలబడి ఉంది. కొట్టు నుంచి నేరుగా పరుగెత్తుకొచ్చినట్టుంది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. ప్లీడరుగారి కోటు మోచేతులకి అతుకు మీద అతుకు వేసి, కోటు కన్నా అతుకులే కొత్తగా కనిపించేలా చేసిన మనిషి. ఆ కొట్టు పోతే ఆవిడకి కుట్టడానికి చోటూ లేదు, పడుకోవడానికి చోటూ లేదు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. అందరికన్నా ముందు మైకు అందుకున్నవాడు ఇంటి ఓనరు తరపు ప్లీడరు.

"మా అన్నయ్య లాంటి మనిషి! ఏనాడైనా ఆయనకి కోపం రావడం చూశామా?"

కూరలో ఉప్పు తగ్గిన రోజున మా వంటింటికొచ్చి చూడాల్సింది, అనుకుంది ఆవిడ.

"కోర్టు సంగతి గడప దాటి ఇంట్లోకి రానిచ్చేవారు కాదు!"

పక్కన కూర్చున్న కూతురు ఏడుస్తూనే తల్లి వంక చూసింది. రాత్రి భోజనాల దగ్గర ప్రతి కేసూ నడిచేది. తల్లి ఎదుటి పక్షం. చిన్నప్పటి కూతురు గరిటె పట్టుకుని జడ్జి. ఆ జడ్జిగారు తన హోంవర్కు ఎవరు చేసిపెడితే వాళ్లకే తీర్పిచ్చేది. అందుకే ఆయన ఇంట్లో ఎప్పుడూ ఓడిపోయేవాడు.

ఓనరు ప్లీడరు కళ్లు తుడుచుకుని మళ్లీ అందుకున్నాడు. పొద్దు గడిచేకొద్దీ అతని దుఃఖం పెరుగుతోంది. బతికుండగా ఆయన్ని ఇంత మెచ్చుకోని మనిషి ఇప్పుడెందుకింత కరిగిపోతున్నాడో ఆవిడకి అర్థమైంది. ఈ ఏడుపుల మధ్య స్టే మాట ఎత్తే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒళ్లు మండింది.

"అందరం లేచి మౌనం పాటిద్దాం," అన్నాడు ప్రెసిడెంటు.

లేచారు. హాలంతా నిశ్శబ్దం. జడ్జిగారు కళ్లు మూసుకున్నారు. జడ్జిగారి చెయ్యి అప్పుడే కుర్చీ వీపు మీదికి వెళ్లింది. మౌనం ముగిసిందంటే వెళ్లిపోవడమే. పిల్లి పెదవులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. గుమ్మం దగ్గర టైలరమ్మ టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఆ పిల్లనే చూస్తోంది.

ప్లీడరుగారి భార్య చెయ్యి సంచిలోకి వెళ్లింది. అందులో ఆయన కళ్లజోడు డబ్బా ఉంది, ఇనప మూతది. జూనియర్లు మొదటిసారి లేచి నిలబడి నీళ్లు నములుతుంటే ఆయన మాట అందించేవాడు కాదు. డబ్బా తెరిచి, టప్పున మూసేవాడు. 'నేనున్నా, కానీయ్' అని దానర్థం. తను ప్రేమించిన కుర్రాడి సంగతి చెప్పలేక కూతురు గోళ్లు కొరుక్కుంటున్నప్పుడూ ఆ డబ్బానే మోగింది.

"అమ్మా, ఇప్పుడేం వెతుకుతున్నావ్?" కూతురు గుసగుసలాడింది.

టప్!

జడ్జిగారు కళ్లు తెరిచారు. పిల్లి ఉలిక్కిపడి, ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీ వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

"సర్!" గొంతు కీచుమంది. "టైలరమ్మ కేసు సర్. స్టే ఇవాళ్టితో ఆఖరు."

"కూర్చోమ్మా!" ప్రెసిడెంటు గద్దించాడు. "గురువు మీద గౌరవం ఇదేనా?"

"సర్, ఈ రోజు నాకు నోరు పెగలదు," అన్నాడు ఓనరు ప్లీడరు.

ఇంతసేపూ పెగిలింది ఎవరి నోరో!

పిల్లి కూర్చోలేదు. "సారు ఉంటే ఇవాళ ఈ కేసే అడిగేవారు సర్. రేపటికి కొట్టుండదు."

జడ్జిగారి ముఖంలో చిరాకు. ముందు వరస వైపు తిరిగారు. "అమ్మా, ఇది మీవారి సభ. మీకు కష్టంగా ఉంటే ఇప్పుడే ఆపేస్తాను."

హాలంతా ఆవిడ వైపే చూసింది. ఈ పిల్ల రోజూ పడే బాధ ఇదన్నమాట.

"ఆయన కేసుల కోసం మా ఇంట్లో పెళ్లిచూపులు కూడా వాయిదా పడ్డాయండీ," అంది. "ఇవాళ ఒక్కరోజు ఆయన్ని వాయిదా వేసి, ఆ పిల్ల చెప్పేది వినండి."

ఎవరో నవ్వబోయి దగ్గారు. జడ్జిగారు కుర్చీ వీపు మీంచి చెయ్యి తీశారు. తర్వాత కూర్చున్నారు.

"చెప్పమ్మా."

పిల్లి చెప్పింది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. ఆవిడ బొటనవేలు డబ్బా మూత మీదికి వెళ్లింది. అవసరం రాలేదు. ఆ పిల్ల కాగితం తిప్పి, తనంతట తనే అందుకుంది. నోరు పెగలనాయన మూడుసార్లు అడ్డుపడ్డాడు. కేసు తేలేదాకా కొట్టు జోలికి ఎవరూ వెళ్లకూడదని చెప్పి, అప్పుడు లేచారు జడ్జిగారు.

వరండాలో టైలరమ్మ ప్లీడరుగారి భార్య రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయింది. పిల్లి వెనకే వచ్చింది, ఈసారి చెప్పుల చప్పుడు చేస్తూ.

"అమ్మా, ఆ డబ్బా నాకిస్తారా?"

"ఇవ్వను," అంది ఆవిడ, సంచి చంక కింద పెట్టుకుంటూ. "మళ్లీ వాయిదా ఎప్పుడో చెప్పు. నేనే తెస్తాను."