ఆశన్న వంతు

కుట్టిన పుస్తకాలను అదిమిపెట్టే శికంజా పిడిని రెండు చేతులా పట్టుకుని ఆశన్న ఎడమకు తిప్పాడు. రాత్రంతా బిగిసి ఉన్న ఇనుప మర ఒకసారి మూలిగి, తర్వాత తేలిగ్గా పైకి లేచింది. ఎడమ భుజంలో ఏదో పట్టేసినట్టయింది. కాసేపు ఆగి, బరువు చెక్క తీసి గోడకు ఆనించాడు. చెక్క కింద పుస్తకాలు, ఒకదాని వీపు ఇటు, తర్వాతిదాని వీపు అటు, దొంతరగా ఉన్నాయి. అలా పేరిస్తేనే బరువు అంతటా సమంగా పడుతుంది.

పైనున్న పుస్తకం తీసి అట్ట మీద అరచేయి ఆనించాడు. ఉబ్బు లేదు, తడి లేదు. వీపు నిటారుగా ఉంది. పొద్దున్నే మొదటి పుస్తకాన్ని ఇలా తడిమి చూసే కొద్దిసేపే రోజంతటిలో అతనికి ఇష్టమైనది. అప్పుడు ఎవరూ అతన్ని ఏమీ అడగరు.

అలవాటుగా వెనక అట్ట తెరిచాడు. లోపలివైపు తానే మైదా లేయితో అంటించిన కాగితపు సంచి ఉంది. అందులోని సీడీని రెండు వేళ్లతో బయటికి లాగాడు. మధ్య రంధ్రం నుంచి అంచు దాకా వెంట్రుక ఒకటి పడి ఉంది. బొటనవేలితో తుడిచాడు. పోలేదు. గోరుతో గీరాడు. గోరు అందులో దిగింది.

వెంట్రుక కాదు.

రెండో పుస్తకం తెరవలేదు. సీడీని సంచిలోకి తోసి, పుస్తకాన్ని దొంతర మీద పెట్టి, తీసిన చెక్కను మళ్లీ దానిపై పెట్టాడు. చూడనంతసేపూ మిగతావి బాగానే ఉంటాయని అతనికి అనిపించింది. అది అబద్ధమని తెలుసు. తెలిసినా కాస్త ఊపిరాడింది.

అతను పనిచేసే ప్రెస్సు చంద్రపూర్‌లో జట్‌పురా గేటు లోపలి సందులో ఉంది. వెనక గదికి ఒక గోడ పాత కోట ప్రహరీయే. యజమాని ప్రమోద్ తండ్రి ఆ రాళ్లకు రేకులు ఆనించి గది చేసుకున్నాడు. మే నెలలో రేకులు పొద్దున్నే కాలడం మొదలుపెడతాయి, రాళ్లు మాత్రం మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటాయి. ఆశన్న ఆ రాళ్లకు వీపు ఆనించి కుట్టుపని చేస్తాడు. పెళ్లికార్డులు, బడుల ప్రశ్నపత్రాలు, గడ్‌చాందూర్ దుకాణాల రసీదు పుస్తకాలు ఆ ప్రెస్సుకు తిండి పెడతాయి. ఇలాంటి పుస్తకం ఎప్పుడూ రాలేదు.

ఇది ఆట పుస్తకం. రాసినవాడు సచిన్, తుకుం పేటలో కంప్యూటర్ క్లాసులు చెప్పే యువకుడు. వాళ్లది రాజురా వైపు తెలుగు కుటుంబమే గాని పుస్తకం మరాఠీలో రాశాడు. తెలుగు అతనికి నోటితోనే వచ్చు. ఈ ఆటలో గెలుపు ఉండదు. నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. చిక్కు వచ్చినప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పాలి, పాచిక వేసి చూసుకోవాలి. కథంతా ఒక కోట ఊళ్లో జరుగుతుంది. పటాలు సచిన్ అక్క విద్య గీసింది.

ఆశన్నకు వింతగా తోచింది ఆట కాదు. పుస్తకంలో ఉన్నదంతా, ఒక్క అక్షరం పోకుండా, సీడీలో కూడా ఉంది. పుస్తకం కొన్నవాళ్లకు సీడీ ఊరికే.

“ఒక్కటే సామాను రెండుపార్లు ఇచ్చుడేందిరా?” అని ప్రమోద్ మొదటి రోజే ఎగతాళి చేశాడు. “సీడీ అలగ్ అమ్ము. లేకుంటె ఒక్కడు కొని ఊరందరికి ఫుకట్‌ల కాపీ జేసిస్తడు. నీ బుక్కు ఎవడు కొంటడు?”

“చెయ్యనీ ప్రమోద్ దాదా. ఒక్కడు ఆడే ఆట గాదు గద. సీడీల నుంచి ఎవరి కాయితాలు వాళ్లు తీస్కుంటరు, బుక్కు నడుమ ఉంటది. బుక్కు కొన్నోనికి అదే బుక్కు మళ్లొకసారి అమ్ముడు నాకు నచ్చది.”

ఆశన్న ఆ మాటలు దారం లాగుతూ విన్నాడు. తర్వాత చాలా రోజులు వాటితోనే గడిపాడు. సీడీలో ఉన్న పుస్తకానికి బరువు లేదు, అంచులు లేవు, కుట్టు లేదు. అయినా అదే పుస్తకం అంటున్నారు. తనలో కూడా అలాంటి ఆశన్న ఒకడు ఉన్నట్టు అతనికి అప్పుడప్పుడు అనిపించేది. జరిగినవన్నీ ఉన్నవాడు, ఎవరూ తెరిచి చూడనివాడు. బయటి ఆశన్న మాత్రం అట్టలా మూసుకుని ఉండేవాడు.

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి తెలిసింది. బల్లార్షాలో పని నేర్పిన ముసలాయన ఒక్కటే చెప్పేవాడు: పుస్తకంలోకి పోవలసినదంతా పోయాకే శికంజా. శికంజా దిగాక పుస్తకంలో ఇంకేదీ చేరకూడదు. ఆ మాట ప్రకారమే ఆశన్న నిన్న సాయంత్రం సంచులు అంటించి, సీడీలు అందులో పెట్టి, పుస్తకాలు పేర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మర బిగించాడు. పుస్తకం రాత్రంతా బరువు కింద పడుకుంటేనే పుస్తకమవుతుంది. సీడీ కాగితం కాదన్న ఆలోచన అతనికి రానే లేదు, అతని చేతులకు అంతకన్నా రాలేదు.

ఆ సీడీలను సచిన్ ఒక్కొక్కటిగా, పిల్లలు వెళ్లిపోయాక క్లాసు కంప్యూటర్ మీద, తానే కాపీ తీసి రాసుకున్నాడు. అట్ట మీద ‘సీడీతో సహా’ అని అచ్చయింది. సాయంత్రం బస్సుకు పుస్తకాలు నాగ్‌పూర్ తీసుకెళ్లాలి. అక్కడ ఒక దుకాణంవాడు ఎదురుచూస్తున్నాడు.

చెప్పాలి. ముందు గది గుమ్మం దాకా వెళ్లాడు. ప్రమోద్ ఫోనులో ఎవరితోనో కాగితం గురించి గొడవపడుతున్నాడు. ఆశన్న కుండలోంచి నీళ్లు తాగి తిరిగి వచ్చాడు. భుజం నొప్పి చేతిలోకి దిగింది. మర తిప్పడం వల్లే అనుకున్నాడు.

చెప్పడం అతనికి ఎన్నడూ చేతకాలేదు. వయసులో ఉన్నప్పుడు విరూర్ నుంచి బొగ్గు గని పనికి వచ్చాడు. మొదటి రోజు కిందికి దిగి, ఆ చీకటి ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంటే పళ్లు బిగబట్టి పొద్దు గడిపి, పైకి వచ్చి దీపం అప్పగించి, మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. భార్య సారక్కతో, కళ్లు బాగాలేవని గనివాళ్లు వద్దన్నారని చెప్పాడు. ఆమె నమ్మింది. ప్రెస్సులో కుట్టుపని దొరికాక, మసక కళ్లతో సూదిలో దారం ఎలా ఎక్కిస్తాడని దిగులుపడి, రోజూ పొద్దున్నే సూదులకు దారం ఎక్కించి అట్టముక్కకు గుచ్చి పంపేది. అన్నం గిన్నెతో పాటు ఆ అట్టముక్క. ఎన్నో ఏళ్లు. చివరికి ఆమె కళ్లే మసకబారాయి. అప్పుడు కూడా కిటికీ దగ్గర నిలబడి, దారం కొస నాలుకతో తడిపి, మళ్లీ మళ్లీ ప్రయత్నించేది. అతను చూస్తూ కూర్చునేవాడు.

“ఏమన్న జెప్పు. గోడతోని కాపురం జేసినట్టుంది నీతోని” అనేది నవ్వుతూ.

ఆమె చనిపోయాక పనికి వెళ్లిన మొదటి రోజు, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది. ఆశన్న సూదిని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం సచిన్, విద్య వచ్చారు. నాగ్‌పూర్ వెళ్లేలోగా ఆట చివరిసారి ఆడి చూడాలని వాళ్ల ఆత్రం. రావలసిన స్నేహితుడు గడ్‌చాందూర్‌లో చిక్కుకుపోయాడు. ప్రమోద్‌ను బలవంతాన లాక్కొచ్చి వెనక గదిలో బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. విద్య పటం పరిచింది.

“ఇంకొకరు కావాలె. ఆశన్న కాకా, నువ్వు రా” అన్నాడు సచిన్.

“నాకేమొస్తది బేటా.”

“ఏం రావద్దు. ఎవరైతవో చెప్పు, గంతే. సిపాయి? సావుకారి? వైద్యుడు?”

ఎవరవుతావని అతన్ని ఇదివరకెవరూ అడగలేదు. ఆశన్న పటం వైపు వంగాడు. గోడలు, బావులు, వీధులు. ఉత్తరాన పెద్ద తలుపు.

“ఈడ ఎవలుంటరు?”

“ఎవలు లేరు. కావలోడు ఉండాలె.”

“గా కావలోన్నయిత.”

గుర్తుగా పెట్టడానికి రెండే గవ్వలున్నాయి. ఆశన్న జేబులోంచి మైనం ముద్ద తీసి తలుపు దగ్గర పెట్టాడు. కుట్టే దారాన్ని లాగి నున్నగా చేసుకునే ముద్ద అది. దారం కోసిన గాట్లతో ఎండిన కాయలా ఉంది.

“కాకాకు మంచి నౌకరీనే దొరికింది. మాట్లాడే పనే లేదు” అంది విద్య.

అందరూ నవ్వారు. సచిన్ గొంతు మార్చి కథ ఎత్తుకున్నాడు. “చీకటి పడ్డది. దుశ్మన్ ఫౌజు ఏరు దాటింది. ఊరంతా తలుపు దిక్కే చూస్తుంది. కావలాయన, ఏం జేస్తవ్?”

ఆశన్న బల్ల అంచు పట్టుకున్నాడు. మాట లోపలెక్కడో కదిలింది. అది తనది కాదు, కావలివాడిది. అందుకే కాబోలు, దారికి ఏదీ అడ్డం రాలేదు.

“అడ్డగడియ పగిలింది” అన్నాడు.

“అరె, మస్త్!” సచిన్ ముందుకు జరిగాడు. “ఎట్ల పగిలింది?”

“నేనే పగలగొట్టిన. తెల్వక. గట్టిగ బిగిస్తె మంచిగుంటది అనుకున్న.”

“రాజుకు చెప్పినవా మరి?” అన్నాడు ప్రమోద్ సరదాగా.

“లే. పొద్దటి సంది చెప్తామనే అనుకుంటున్న.”

ఆశన్న లేచాడు. చెక్క పక్కకు తీసి, పై పుస్తకం తెచ్చి, వెనక అట్ట తెరిచి సచిన్ ముందు పెట్టాడు. “ఆట గాదు బేటా. నిజంగనే. లోపట పెట్టి శికంజా ఎక్కించిన.”

సచిన్ సీడీని రేకుల సందులోంచి వస్తున్న వెలుగుకు పట్టి చూశాడు. తర్వాత లేచి దొంతరలోంచి ఇంకోటి, ఇంకోటి తీశాడు. కొన్ని పగిలాయి, కొన్ని బాగున్నాయి. చెంపల మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు.

“ఏంది ఆశన్నా ఇది! చిన్న పోరగానివా? అడగొద్దా ఒక్క మాట?” ప్రమోద్ గొంతు పెంచాడు.

సచిన్ ఫోను తీసుకుని సందులోకి వెళ్లిపోయాడు. ఆశన్న తల దించుకుని నిలబడ్డాడు. సిగ్గు ఉంది. దాని కింద, నమ్మలేనంత తేలికగా, ఇంకేదో ఉంది.

చాలాసేపటికి సచిన్ తిరిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పుస్తకమొకటి తీసి వీపు మీద వేలు పోనిచ్చాడు.

“బుక్కులు మంచిగనే ఉన్నయి. పగిలినయి కాపీలే గద. మళ్ల రాస్త. దుకాణపోనికి ఫోన్ జేసిన, ఎల్లుండి తెమ్మన్నడు.” కూర్చున్నాడు. “గా సంగతి పొద్దుగాల్నే చెప్తె ఏమయితుండె కాకా? కొడ్తమా నిన్ను?”

“చెప్పరాలే.”

“మరి ఇప్పుడెట్ల వచ్చింది?”

ఆశన్న మైనం ముద్ద వైపు చూపించాడు. విద్య ముందుగా నవ్వింది. సచిన్ నవ్వకుండా ఉండాలని చూసి ఓడిపోయాడు.

“కూసో. ఆట ఆపద్దు. గడియ లేని తలుపు ఎట్ల ఆపుతవో చూస్త నేను. అక్కా, ముందుగాల నీ వంతు.”

ఆశన్న తన చోట, కోట రాళ్లకు వీపు ఆనించి కూర్చున్నాడు. విద్య పాచికలు వేసింది. ప్రమోద్ తన సావుకారిని ఎక్కడ దాచాలో వాదిస్తున్నాడు. కరెంటు పోయింది, ఫ్యాను నెమ్మదించి ఆగింది. నొప్పి చేతిలోంచి ఛాతీలోకి వచ్చి కూర్చుంది. ఆ బరువు అతనికి తెలిసినదే, గనిలో ఒకసారి కలిసినదే. ఈసారి పారిపోవాలనిపించలేదు. గడియ లేకపోతే వీపు ఉంది. తలుపుకు వీపు పెట్టి కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడితే ఆగుతుంది. ఆ మాట చెప్పాననుకున్నాడు. కిటికీ దగ్గర సారక్క దారం కొస తడుపుతోంది. ఆమెతో కూడా చెప్పాననుకున్నాడు.

“కాకా, నీ వంతు” అన్నాడు సచిన్.

ఎదురుచూశారు.

“కాకా సోచాయిస్తుండు. మనం చాయ్ తాగి రావచ్చు” అంది విద్య.

“తొందరపెట్టకుండ్రి. ఆయనది గంతే” అన్నాడు ప్రమోద్. అరిచినందుకు అతనికి లోపల బాధగానే ఉంది. అందుకని ఇంకెవరి కోసమూ ఆగనంతసేపు ఆగాడు. ఆ తర్వాత చేయి చాచి ఆశన్న భుజం తట్టాడు. తల ఒకపక్కకు వాలిపోయింది.

సాయంత్రానికి వెనక గది ఖాళీ అయింది. మనుషులు వచ్చారు, ఆశన్నను ఎత్తుకుని వెళ్లారు. పటం తీయాలని ఎవరికీ తోచలేదు. బల్ల మీద కోట తలుపు దగ్గర మైనం ముద్ద రేకుల వేడికి మెత్తబడి కాగితానికి అంటుకుపోయింది. దారం కోసిన గాట్లు దాని మీద ఇంకా పూడలేదు.